కొండకేసి గురి

“పిన్నీ, చేతిలోని వైర్‌లెస్ సెట్టు ఏరియల్ కొసను కొండకేసి గురిపెట్టావేంటి?” వైర్‌లెస్ మెకానిక్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“మీ బాబాయీ, అమ్మాయీ దారి తప్పింది అక్కడే కదరా! నా మాట సూటిగా వాళ్లకే తగలాలని. పొద్దుటి నుంచి చెయ్యి దించలేదు.”

“అయ్యో! కొస వైపుకి మాట పోదు, రాదు. చుట్టూ పక్కలకే పాకుతుంది. వాళ్ల దగ్గరున్న సెట్టు నిలువుగా ఉంటే నీదీ నిలువుగానే ఉండాలి.”

కొండ మీద ఉలుకూ పలుకూ లేదని, వెతికేవాళ్లను లోయలోకి తరిమింది ఆమే.

సెట్టును నిలబెట్టింది. పక్కనే ఉన్నంత స్పష్టంగా కూతురి గొంతు.

“అమ్మా! వాళ్లు మా కిందనుంచే లోయలోకి దిగిపోయారు. పిలుస్తూనే ఉన్నాం. నాన్న అప్పటికింకా మాట్లాడుతున్నాడు. ఎవరమ్మా, వాళ్లను అటు పొమ్మన్నది?”