ముప్ఫై లెక్కపెట్టండి

“ఇంటర్నెట్ లేదు, టీవీ లేదు. రెండూ ఒకేసారి పోయాయి తల్లీ,” అన్నాడు ఫోన్‌లో ముసలాయన. “మూడింటికల్లా రాకపోతే నలుగురిలో నా పరువు పోతుంది.”

ఫిలిప్పీన్స్‌లోని బకోలోద్‌లో, ఓ కాల్ సెంటర్‌లో పనిచేసే అమిహాన్‌కు ఆ మధ్యాహ్నం అది ఇరవయ్యో కాల్. ఖాతా నంబరు అడిగి కొట్టింది. తెర మీద పేరు, ఊరు వచ్చాయి. ఫెలిసిదాద్ మగ్సినో, కలాకా.

ఆమె ఆ పేరూ, ఊరూ మళ్లీ చదివింది.

“ఉన్నావా తల్లీ?”

“ఉన్నాను సార్. కనెక్షన్ ఫెలిసిదాద్ గారి పేరు మీద ఉంది. ఆవిడకి ఒకసారి ఫోనిస్తారా? ఒక్క మాట చాలు. మా రూలు.”

“మా ఆవిడే. ఇవ్వడానికి లేదమ్మా. పోయి ఇవాళ్టికి నలభై రోజులు.”

అమిహాన్ మైకు ఆపేసింది. మళ్లీ వేసేసరికి ఆయన చెప్పుకుపోతూనే ఉన్నాడు. మూడింటికి నలభయ్యో రోజు ప్రార్థన. ఖతర్‌లో ఉన్న మరదలు టీవీలో కనబడి జపమాల చదివిస్తుంది. ఇరుగుపొరుగు అప్పుడే కుర్చీలు వేస్తున్నారు. పొయ్యి మీద కొబ్బరిపాల అన్నం ఉడుకుతోంది.

“సాయానికి ఇంట్లో కుర్రాళ్లెవరైనా ఉన్నారా సార్?” అది అందరినీ అడగాల్సిన ప్రశ్నే.

“ఒక్కడే కొడుకు. పోయాడు. వాడి పేరు ఇంట్లో ఎవర్నీ ఎత్తనివ్వను. సరే, ఏం చెయ్యాలో చెప్పు.”

“టీవీ దగ్గర రెండు డబ్బాలుంటాయి. రెండింటి ప్లగ్గులూ పీకెయ్యండి.”

“పీకితే ఉన్నది కూడా పోదూ?”

“పోదు సార్. పీకి, ముప్ఫై లెక్కపెట్టాలి. ముందు ఇంటర్నెట్ డబ్బా పెట్టాలి. దాని దీపాలు ఆకుపచ్చగా వెలిగాక టీవీది.”

“సార్ ఏంటే పిల్లా, చెరుకు కొట్టుకునేవాణ్ణి పట్టుకుని. ఊళ్లో చిన్నవాళ్లంతా నాన్నా అంటారు నన్ను.”

“లెక్కపెట్టండి… నాన్నా.”

“గొంతు అలా ఉందేం? జలుబు చేసిందా?”

“ఇక్కడ ఏసీ ఎక్కువ.”

ఆయన ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పన్నెండు దగ్గర ఆగిపోయాడు. “ఇవన్నీ ఆమే చూసుకునేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.”

“ఆఖర్న బాగా బాధపడ్డారా?” ఆ ప్రశ్న ఏ రూల్లోనూ లేదు.

“లేదు. నిద్రలోనే పోయింది. ముందురోజు సాయంత్రం మాత్రం వీధి తలుపు గడియ వెయ్యొద్దంది. ఎవరొస్తారే అని కసిరి, నేనే వేశాను.”

సూపర్‌వైజర్ వచ్చి గడియారం చూపించాడు. అమిహాన్ తల తిప్పుకుంది.

“పదమూడు నుంచి చెప్పండి నాన్నా.”

ముప్ఫై అయింది. ఆయన ప్లగ్గు పెట్టాడు. ఎర్ర దీపం, తర్వాత నారింజ, చాలాసేపటికి ఆకుపచ్చ. రెండో ప్లగ్గు. టీవీ శబ్దం, దాని వెనక కుర్చీలు జరిపిన చప్పుడు, ఆడవాళ్ల మాటలు ఫోన్‌లోంచి వినిపించాయి. అందులో ఏ గొంతు కోసమో అన్నట్టు ఆమె హెడ్‌ఫోన్‌ను చెవికి అదిమిపట్టుకుంది.

“వచ్చింది,” అన్నాడాయన. “ఇంత ఓపిక ఉన్న కూతుర్ని కన్నవాళ్లెవరో గానీ. చల్లగా ఉండు తల్లీ.”

లైన్ కట్టయింది. ‘సమస్య పరిష్కారమైంది’ అని రాసి, అమిహాన్ ముఖం చేతుల్లో దాచుకుంది.

కొడుకుగా పుట్టి, ఆడపిల్లగా బతుకుతానన్నందుకు పద్నాలుగేళ్ల కిందట ఇంట్లోంచి గెంటేసిన అమిహాన్‌ను, నాన్న ‘తల్లీ’ అని పిలవడం ఇదే మొదటిసారి.