ఎర్రలైటు దగ్గర ఆగని ఇంజను

“ఆర్నెల్లయిందమ్మాయ్, ఒక్క సిగ్నల్ కాడ గూడా ఆగిన పాపాన పోలేదు,” అన్నాడు పరంధామయ్య, కారు బానెట్‌ను వేలితో పొడుస్తూ. “న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజను దానంతటదే ఆగాల. మళ్లా క్లచ్ తొక్కితే స్టార్ట్ కావాల. పెట్రోలు మిగలతాదని, దానికే గదా ఈ బండి కొనింది!”

జెస్సీ రేణిగుంట రోడ్డులో సొంతంగా షెడ్డు నడిపే మెకానిక్కు. ఇంటికొచ్చి చూడమని పిలిపించింది పరంధామయ్య భార్య పంకజాక్షి. పనిముట్ల పెట్టెతో గేటు తీసింది ఆడపిల్ల అని చూడగానే ఆయన మొహం ముడుచుకుపోయింది.

“స్టీరింగంటే గరిటె కాదు. నీ చేత అవుతాదా?”

“సూస్తే గదా సార్ తెలిసేది.”

పరంధామయ్యకు తొందరగా ఉంది. కంటి నరం దెబ్బతిందనీ, ఇక బండి నడపొద్దనీ డాక్టరు తేల్చి చెప్పాడు. ఇంకొకరు నడిపే బండిలో పక్కన కూర్చోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అందుకే రిపేరు చేయించి అమ్మేస్తానని చిత్తూరు గుణశేఖర్‌కు మాట ఇచ్చేశాడు. పంకజాక్షికేమో ప్రాణం ఒప్పడం లేదు. సత్యవేడులో మంచాన పడ్డ అక్క అలివేలమ్మను వారం వారం చూసొచ్చేది ఆ కారులోనే.

“అమ్మొద్దండీ,” అంది నూరోసారి.

“నడిపేదెవురు, మీ అక్కా?” అన్నాడాయన నూరోసారి.

జెస్సీ బ్యాటరీ చూసింది. బ్రేకు స్విచ్చి చూసింది. రెండూ బాగానే ఉన్నాయి. బానెట్ మూసి, మళ్లీ తెరిచి, లాకు దగ్గర తల వంచి నవ్వింది.

“ఈ దిష్టితాడు ఎవురు కట్టినారు సార్?”

“నేనే. కొత్త బండికి కట్టొద్దా?”

“కట్టొచ్చు. ఈడ మాత్రం కట్టకూడదు. ఈ లాకు పక్కన చిన్న బటన్ ఉండాది సూడండి. బానెట్ మూస్తే అది లోపలికి పోవాల. మీ తాడు అడ్డం పడి పోలేదు. బానెట్ తెరిచే ఉండాదనుకోని బండి ఇంజను ఆపేది మానేసింది.”

తాడును భద్రంగా విప్పి ముందు గ్రిల్లుకు కట్టింది. పరంధామయ్యకు నమ్మకం కుదరలేదు.

“తాడు విప్పితే పొయ్యే రోగమా ఇది?”

“అయితే నడిపి సూడనీండి,” అంది పంకజాక్షి. “ఏ మందైనా మండలం దినాలు వాడితేనే గుణం తెలిసేదని మీరే గదా అంటారు? ఈ నలభై దినాలూ పొద్దున్నే ఈ పాప వచ్చి బండి నడిపి సూస్తాది. నేను గూడా పోయి, ఎన్నిసార్లు ఆగిందో రాసుకోని వస్తా.”

మండలం అన్న మాటకు పరంధామయ్య దగ్గర ఎదురు లేదు. నాటువైద్యం మీద ఆయనకంత గురి. నలభై ఒకటో రోజు రమ్మని గుణశేఖర్‌కు ఫోను చేశాడు.

మర్నాడు పంకజాక్షి నడుము నొప్పికని ఒక దిండు చంకన పెట్టుకుని కారెక్కింది. జెస్సీ బండిని గేటు దాటించి సందు మలుపు తిప్పింది. గంటకు తిరిగొచ్చేసరికి పంకజాక్షి ఒళ్లంతా చెమట.

“పద్నాలుగు సార్లు ఆగింది,” అని పుస్తకం చూసి చదివింది.

“అయితే బాగైపోయినట్టే!” పరంధామయ్య చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

“లేదు సార్,” అంది జెస్సీ. “సిగ్నల్ కాడ ఆగింది రెండుసార్లే. తక్కినవన్నీ ఆగకూడని కాడ. కపిలతీర్థం రోడ్డు ఎత్తులో నట్టనడుమ ఆగిపోయింది. ఎనకాల బస్సోడు హారను కొట్టి సంపినాడు.”

“సూసినావా! ఉండేది పోగొట్టమంటే కొత్త రోగం తెచ్చిపెట్టినావు.”

“తగ్గతాది సార్. దినాలు పట్టాల.”

ఆ సాయంత్రం పంకజాక్షి ఎడమకాలికి నూనె రాసుకుంటూ కూర్చుంది.

“ఊరికే కూర్చోని పొయ్యేదానికి కాలెందుకే నొప్పి?”

“ఆ కుదుపులకు కొయ్యబారిపోయిందండీ.”

వారం తిరిగేసరికి ఆగకూడని చోట ఆగే లెక్క తొమ్మిదికి దిగింది. ఇరవయ్యో రోజుకు నాలుగు. పరంధామయ్య గేటు దగ్గరే నిలబడి క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేవాడు. ముప్పయ్యారో రోజు ఇద్దరూ మధ్యాహ్నానికి గానీ రాలేదు. పంకజాక్షి ఆ రోజు పట్టుచీర కట్టింది. ఆర్టీవో ఆఫీసులో పని పడిందట.

“ఈ పొద్దు సున్నా!” అంటూ పుస్తకం గాల్లో ఊపింది. ఆ సంతోషంలో పరంధామయ్య చీర సంగతి అడగడం మరిచిపోయాడు.

నలభై ఒకటో రోజు చెప్పిన వేళకే గుణశేఖర్ వచ్చాడు.

“ఆర్టీవో ఆఫీసోళ్ల ముందర గూడా నడిపి సూపించినాం,” అంది జెస్సీ. “ఆగాల్సిన కాడ ఆగింది, ఆగకూడని కాడ ఆగలేదు. వాళ్లే మెచ్చుకున్నారు.”

“ఇంకేమప్పా, తాళాలియ్యి,” అన్నాడు గుణశేఖర్.

“అమ్మేది లేదన్నా,” అంది పంకజాక్షి. ఈసారి ఆ గొంతులో బతిమాలుకోవడం లేదు. ఆమె కళ్లు మిలమిల మెరుస్తున్నాయి.

పరంధామయ్య బిత్తరపోయి జెస్సీ వైపు తిరిగాడు. “ఏమైందే ఈమెకు? అది సరే, ఆ కొత్త రోగం ఎట్ల పోగొట్టినావు? ఏం మార్చినావు?”

“ఏమీ మార్చలేదు సార్. తాడు విప్పిన దినమే బండి బాగైపోయింది.”

“మరి పద్నాలుగు సార్లు ఎందుకు ఆగింది?”

జెస్సీ నవ్వుతూ తాళాలు పంకజాక్షి చేతిలో పెట్టి, దిండు అందించింది.

“ఎక్కండి,” అంది పంకజాక్షి మొగుడితో. “అక్క ఎదురు సూస్తా ఉంటాది.”

ఆ నలభై రోజులూ క్లచ్ తొక్కింది పంకజాక్షే.