గిలక్కాయకు తిరగని పాప

డాక్టర్ అర్చన గిలక్కాయను మళ్లీ ఆడించింది. తల్లి గాయత్రి ఒడిలో, మొన్ననే పుట్టిన పాప కళ్లు విప్పుకునే ఉంది కానీ తల తిప్పలేదు. చిన్న గంట మోగించినా అంతే.

రంగనాయకి పాప ముఖంలోకి వంగి చూసింది. మనవరాలికి చెవుడా?

"భయపడొద్దమ్మా. కొందరు పిల్లలు గంటను లెక్కచేయరు, గొంతుకైతే తిరుగుతారు" అంది డాక్టర్. "కడుపులో ఉండేటప్పుడు బాగా విన్న గొంతు కావాల. దానికీ తిరగకుంటే మదురై పెద్దాసుపత్రికి పంపించాల్సిందే."

"నేను పిలిచేదా?" అంది గాయత్రి.

"నీ ఒడిలోనే ఉంది గదా, నీ ఒంటి కదలికకే తిరుగుతుంది. ఇంకెవరన్నా వెనకనుంచి పిలవాల."

అల్లుడు మందుల షాపుకు వెళ్లాడు. గాయత్రి తల్లివైపు చూసింది. రంగనాయకి, ఆసుపత్రికైతే వచ్చి కూతురితో మాట్లాడకుండా కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డ భర్తవైపు చూసింది. కూతురు తనకు నచ్చిన తళవాయిపురం అబ్బాయిని చేసుకున్ననాడే విజయరాఘవ ఇంట్లో ఆన పెట్టాడు, దానితో ఎవరూ మాట్లాడకూడదని. ఆయన మిల్లులో ఉండే ప్రతి మధ్యాహ్నం రంగనాయకి ఆ ఆనను హాయిగా తప్పుతూనే వచ్చింది. కూతురు ఫోన్‌ను పొట్టమీద పెట్టుకునేది, ఈవిడ లోపలి బిడ్డతో కబుర్లాడేది. ఇప్పుడు పాప తిరిగితే బండారం బయటపడుతుంది. తిరగకపోతే? ఆ మాట తలుచుకోవడానికే ఆమెకు భయమేసింది.

పోతే పోనీ అనుకుని కూతురి వెనక్కి వెళ్లి వంగింది. "ఏం కుట్టీ, బువ్వ తినినావా?"

పాప తల మెల్లగా ఆమెవైపు తిరిగింది.

"చెవులు బాగుండాయి!" డాక్టర్ నవ్వింది. "అవ్వ గొంతు పాపకు బాగా పళక్కమే, ముందే విన్న మాదిరుందే!"

రంగనాయకికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. విజయరాఘవ కిటికీ వదిలి దగ్గరికి వచ్చాడు. డాక్టర్ ముందు అరవలేక గొంతు బాగా తగ్గించాడు.

"నాకు తెలీకుండా దినమూ దీంతో మాట్లాడతా ఉండినావా?"

పాప అవ్వను వదిలేసింది. ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పి, కళ్లు ఇంతింత చేసుకుని తాతనే చూడసాగింది.

గాయత్రి ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎందుకు తిరగదు నాయినా? పొద్దున పొద్దున మిల్లునుంచి ఫోన్ చేసి, 'పొట్టమీద పెట్టు, మీ అమ్మకు తెలీకూడదు' అంటా మీరు గొంతు తగ్గించేదీ ఇట్లనే గదా!"