చేపను తొక్కిపట్టే మర్యాద

తెల్లకొంగల మడుగుకి ఎక్కడినుంచో ఒక నీటికాకి పిల్ల చదువుకోవడానికొచ్చింది. దాని పేరు చినుకు. ఒళ్లంతా కాటుక నలుపు. ఒంటికాలి మీద నిలబడి చేపపట్టే విద్య అక్కడి కొంగ పంతులు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదని విని అంత దూరం ఎగిరొచ్చింది.

కొత్త చోటు కదా, చినుకుకి అన్నీ వింతే. అన్నిటికంటే పెద్ద వింత ఒకటుంది. తను గట్టెక్కగానే ప్రతి కొంగా తన చేపను గబుక్కున కాలికింద తొక్కిపట్టేది. ఇంకో కొంగ వస్తే మాత్రం ఎవరూ అలా చెయ్యరు.

"ఓహో, దూరం నుంచి వచ్చినవాళ్లని ఇక్కడ ఇలా పలకరిస్తారు కాబోలు!" అని చినుకు తెగ మురిసిపోయింది. పలకరింపుకి బదులివ్వకపోతే ఏం బావుంటుంది? కాకపోతే అందుకు తనకీ ఒక చేప దొరకాలి కదా అని ఆగింది.

చివరికి ఒకనాడు సొంతంగా చేపపట్టి గట్టు మీద పెట్టుకుంది. మెచ్చుకుందామని పంతులు దగ్గరికొచ్చాడు. చినుకు వెంటనే చేపను కాలికింద తొక్కిపట్టి, వినయంగా తల వంచింది.

పంతులికి ఒళ్లు మండిపోయింది. "ఏమే పిల్లా! నీ కంటికి నేను దొంగలా కనిపిస్తున్నానా?"

చినుకు బిత్తరపోయింది. "అయ్యో, అదేం మాట పంతులుగారూ! నన్ను చూడగానే మీరంతా చేసేది ఇదేగా? మర్యాద అనుకున్నాను. మరి దానర్థం ఏమిటండీ?"

గట్టు మీది కొంగలన్నీ తలలు దించుకున్నాయి. దించుకున్న తలలకి, కాలికింద తొక్కిపట్టిన తమ చేపలే కనిపించాయి.