మూడు బల్బులు

దామోదరం అంగట్లో గోడకు మూడు చిన్న బల్బులు వరుసగా ఉన్నాయి. ఎర్రది వెలిగితే ఇంటి వీధి తలుపు తీసినట్టు. పసుపుది వెలిగితే రేడియో పెట్టినట్టు. పచ్చది వెలిగితే పుస్తకాల పెట్టె మూత ఎత్తినట్టు.

అది 1983. ఆదోనిలో రేడియోలు బాగుచేయడంలో దామోదరాన్ని మించినవాడు లేడని పేరు. అంగడికి నాలుగిళ్ల అవతలే అతని ఇల్లు. మిద్దెల మీదుగా తీగలు లాగి, ఇంట్లో ఆ మూడింటినీ అంగడికి కలిపేశాడు.

“నీ ఇంట్లో సామాన్లు ఈడికి కబురు పంపుతాండాయే!” అని వచ్చినవాళ్లు నోరు తెరిచేవారు.

పక్కన గాజుల అంగడి రసూల్ సాబ్ మాత్రం ఒకరోజు అడిగేశాడు.

“ఇంట్లో మనిషికి ఇట్లా కాపలా పెడతారాప్పా? ఆయమ్మ ఏం తప్పు చేసింది?”

“సెప్పిన మాట ఇనదు సాబూ. పదో తరగతి రాస్తాదంట!”

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. దామోదరం, శాంతకుమారి. తొమ్మిదో తరగతిలో ఉండగా శాంతకుమారికి పెళ్లయింది. చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు అతనికి ఒక్క మాటైనా చెప్పకుండా ప్రైవేటుగా పరీక్షకు దరఖాస్తు పెట్టింది. సెంటరు ఎమ్మిగనూరులో పడింది.

సంగతి తెలిసిన రోజు ఇల్లు దద్దరిల్లింది.

“ఇప్పుడు సదువు యాల? ఈ ఇంట్లో నీకేం తక్కువైంది?”

“పదో తరగతి తక్కువైంది.”

“నలుగురూ నన్ను సూసి నవ్వుతారు.”

“నవ్వనీ. రాసేది నేను, నువ్వు కాదు.”

ఆ మరునాడే తీగలు లాగాడు. పచ్చ బల్బు వెలిగిందంటే చేతిలో పని వదిలేసి ఇంటికి పోయేవాడు. పెట్టె మూసి వచ్చేవాడు. అతను తిరిగి అంగడి మెట్టెక్కేలోగా పచ్చ బల్బు మళ్లీ వెలిగేది.

వారం ఇలా తిరిగి విసిగిపోయాడు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెట్టె మూత గోడకు ఆనించి ఉంది. తాళం దానికే వేలాడుతోంది. శాంతకుమారి అతని స్క్రూడ్రైవరుతోనే బందులూ గొళ్లెమూ విప్పేసింది.

“మూతే లేకపోతే మూసేదేముంది?” అంది, లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆనాటి నుంచి పచ్చ బల్బు ఆరిందే లేదు.

“పరీక్షకు ఎట్లా పోతావో సూస్తా,” అన్నాడు దామోదరం.

“సూడు. ఎర్ర బల్బు పెట్టుకున్నావు కదా.”

పరీక్ష రోజు పొద్దున ఏడు కాకముందే అతను అంగడి తెరిచి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పచ్చది వెలుగుతోంది. కాసేపటికి పసుపుది వెలిగింది. ఆ వెంటనే ఎర్రది వెలిగింది.

ఎర్ర బల్బు వెలిగి ఆరిపోవాలి. కాసేపు చూశాడు, ఆరలేదు.

పరుగెత్తాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మూసుకోకుండా రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టి ఉంది. రేడియో ఎవరూ లేని ఇంట్లో గట్టిగా పాడుతోంది.

చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు ఉరికాడు. ఎమ్మిగనూరు బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన శాంతకుమారి. ఒళ్లో రాత అట్ట, హాల్ టికెట్టు.

“దిగు!” అని అరిచాడు. బస్సులో వాళ్లంతా తిరిగి చూశారు. “బజార్లో నా మర్యాద తీస్తాండావు. దిగు!”

“టికెట్టు తీసుకున్నా. దిగను.”

“ఏమప్పా, పరీక్షకు పోయే మనిషిని ఆపుతావా?” అని కండక్టరు హుసేనప్ప కసిరాడు. “ఈ పొద్దు తప్పితే మళ్లా ఎప్పుడు రాస్తాది ఆయమ్మ?”

దామోదరం కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

“యాడికీ పోనక్కర లేకుండా, కూసోబెట్టి సాకుతాండా కదా! ఇంకేం కావాల నీకు? నన్ను అడగాలనైనా అనిపించలేదా?”

హుసేనప్ప విజిల్ ఊదాడు. బస్సు కదిలింది. చువ్వ అతని చేతిలోంచి జారిపోయింది.

శాంతకుమారి కిటికీలోంచి తల బయటపెట్టి, బస్టాండంతా వినేట్టు కేక వేసింది. “నిన్ను నేను కన్నా గానీ, నన్ను నువ్వు కనలేదురా నాయనా!”