చివరి లెక్క

"మళ్ళీ వదిలేశావా?" కుట్టుమిషను ఆపకుండానే అడిగింది తల్లి.

"టైము చాల్లేదమ్మా," అన్నాడు కొడుకు గోడకు చేరబడి.

స్కూల్లో ఆఖరి లెక్కల పరీక్షా అయిపోయింది. ఎప్పట్లాగే కూతురు ఫస్టు, కొడుకు సెకండు. ఇద్దరూ కవలలు. కాస్త ముందు పుట్టిన పుణ్యానికి వాడు అన్నయ్య అనిపించుకుంటున్నాడు గానీ, బుద్ధిలో చెల్లెలే పెద్దదని టైలరమ్మ నమ్మకం. ఏ పరీక్షలో చూసినా వాడు చివరి ప్రశ్న వదిలేసి రావడం, ఇది అన్నీ రాసి రావడం. పైగా పరీక్ష ముందు రోజు సాయంత్రం చెల్లి పక్కన చేరి ఒకటే గుసగుసలు. "నువ్వెలాగూ చదవవు, దాన్నయినా చదువుకోనివ్వరా," అంటూ కొలతల టేపు ఝుళిపించి వాణ్ణి తరిమేది.

అసలు బెంగంతా కూతురి గురించే. స్కూల్లో చక్కగా రాసే పిల్లకి బోర్డువాళ్ళు పెట్టే పెద్ద పరీక్ష అనేసరికి చెమటలు పట్టి, వచ్చింది కూడా మర్చిపోతుంది. నిరుడు అలాంటి పరీక్షలోంచే ఏడుస్తూ బయటికొచ్చింది. ఈసారి కాలేజీ సీటు కావాలంటే లెక్కల్లో ఎనభై ఉండాలి.

మార్కులు ఎలా వేస్తారో ఆ మధ్య కొడుకే విడమరిచి చెప్పాడు. సగం పెద్ద పరీక్షవి, సగం స్కూలువి. కానీ స్కూలు పంపేది మార్కులు కాదు, ర్యాంకులే.

"మా క్లాసంతా తలో చొక్కా కుట్టామనుకో. అన్నిట్లోకీ మంచిది ఎవరు కుట్టినా, వరుసలో ముందున్నవాళ్ళ చేతికిస్తారు. రెండోది రెండోవాళ్ళకి. పెద్ద పరీక్షలో క్లాసు మొత్తానికి ఎక్కువొచ్చిన మార్కు కూడా అంతే, ఫస్టు ర్యాంకుకి స్కూలు మార్కు అయిపోతుంది."

"కుట్టినవాడి గతేం గాను?"

"వాడి పరీక్ష మార్కు వాడికుంటుందిలే."

పెద్ద పరీక్ష ఫలితాల రోజు లెక్కల మాస్టారు ప్యాంటు పొడవు తగ్గించమని ఇవ్వడానికొచ్చి, మార్కులూ మోసుకొచ్చారు. కొడుక్కి తొంభై ఆరు, క్లాసులో అదే ఎక్కువ. దాని తర్వాతది ఇంకో పిల్లాడికొచ్చిన ఎనభై ఎనిమిది. కూతురికి అరవై ఆరు. టైలరమ్మ చేతిలోంచి కత్తెర జారిపోయింది.

"కంగారుపడకండి. ఫస్టు ర్యాంకు కాబట్టి ఆ తొంభై ఆరు అమ్మాయికి స్కూలు మార్కు. రెండూ కలిపి సగం చేస్తే ఎనభై ఒకటి. సీటొచ్చినట్టే. సెకండు ర్యాంకుకి ఆ ఎనభై ఎనిమిది గనక అబ్బాయికి తొంభై రెండు."

టైలరమ్మ కూతుర్ని గుండెలకు హత్తుకుంది. ఆ వెంటనే కొడుకు మీద పడింది. ఫస్టు ర్యాంకు తెచ్చుకుని ఉంటే వాడికి మొత్తం తొంభై ఆరూ దక్కేది కదా అని.

"అప్పుడు అమ్మాయి సెకండై, స్కూలు మార్కు ఎనభై ఎనిమిదే వచ్చి, డెబ్బై ఏడు దగ్గర ఆగిపోయేది," అన్నారు మాస్టారు.

"అయితే వీడి బద్ధకం ఇన్నాళ్ళకి పనికొచ్చిందన్నమాట," అని నవ్వేసింది టైలరమ్మ.

"ర్యాంకులు తేల్చింది ఎప్పుడూ ఆ చివరి లెక్కేనండీ. పాఠం చివర ఉండే కష్టమైనవాటిలోంచి ఇచ్చేవాణ్ణి. క్లాసు మొత్తానికి మీ అమ్మాయి ఒక్కతే చేసేది."

కొడుకు వంగి మిషను కింద దారపు ముక్కలు ఏరసాగాడు. టైలరమ్మ మురిసిపోతూ కూతురి గడ్డం పట్టుకుంది.

"అంత కష్టమైనవి నీకెలా వచ్చేవే?"

"ముందు రోజు అన్నయ్యే నేర్పేవాడమ్మా."