రోజుకో ముగ్గు

"గా సుక్కలు ఎవలికి సైగ? చెప్పు!"

పోలీసు అమీన్ లాఠీ కొసతో ముగ్గును చూపించాడు. అండాలు తలెత్తలేదు. చివరి గీత కలిపి, ముగ్గుచిప్ప పట్టుకుని తీరిగ్గా లేచింది.

"ముగ్గు సాబ్. మీ ఇంట్ల ఎయ్యరా?"

"మా ఇంట్ల ఏసిందే ఏస్తరు. నువ్వు రోజుకొకటి మారుస్తున్నవ్. ఎందుకు?"

ఎందుకో ఊరందరికీ తెలుసు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు ఆలేరు వైపు నుంచి మిలిటరీ వచ్చి ఊళ్లో క్యాంపు పెట్టింది. దొరలను ఎదిరించిన సంఘంలో తిరిగిన వాళ్లు దొరికితే ఊరి బయటికి తీసుకుపోయి కాల్చేస్తున్నారు. అండాలు మొగుడు బాలయ్య ఒక్కడే ఇంకా దొరకలేదు. ఆ రోజుల్లోనే ఎదురింటి జంగమ్మ నోరు జారింది.

"మొగడు ఉన్నడో పోయిండో తెల్వదు. గా ఇంటి ముంగట ముగ్గెందుకే?"

అండాలుకు ఒళ్లు మండింది. "ఉన్నడక్కా! ఆయన వచ్చేదాక రోజుకో కొత్త ముగ్గేస్త. ఏసిందే మళ్ల ఏస్తే నా మొకం మీద ఉమ్ము!" అని వీధంతా వినబడేలా అరిచింది.

అరవడం తేలికే. కోడి కూయకముందే జొన్నలు విసరాలి, బర్రె పాలు పిండాలి, అత్త ఈదమ్మకు గంజి కాచిపెట్టాలి, పొద్దెక్కేలోగా కూలికి పోవాలి. ఎంత పనున్నా, నేలలో ఒక్క పగులు కనబడకుండా వాకిలంతా పేడతో చిక్కగా అలికి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ముగ్గు పరిచేది. జ్వరమొచ్చిన రోజు కూడా మానలేదు. తెలిసిన ముగ్గులు అయిపోతే దుక్కిచాళ్లు, కొడవళ్లు, చివరికి జంగమ్మ ముక్కుపుడక కూడా ముగ్గులోకి ఎక్కాయి. నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆగి చూసి, తొక్కకుండా గోడవారగా నడిచేవాళ్లు.

అమీన్ ఆ ఇంటికి రావడం కొత్త కాదు. ధాన్యం గుమ్ములు బోర్లించాడు, కొట్టంలో నేల తవ్వించాడు, పెరట్లో జొన్నలు దాచే పాతరలోకి జవాన్లను దింపి పొడిపించాడు. ఏమీ దొరక్క ఇప్పుడు ముగ్గు మీద పడ్డాడు.

"గుట్ట మీదికెల్లి చూస్తే గిది మంచిగ కనబడ్తది, కాదా?" అని ఊరి పక్క గుట్టను చూసి, వెంట వచ్చిన జవాన్ల వైపు తిరిగాడు. "ఏయ్, బూట్లతోని చెరపుండ్రి!"

అండాలు ముఖం పాలిపోయింది. అమీన్ కంట అది పడనే పడింది. ఆ మరుక్షణమే ఆమె జవాన్లకు అడ్డం నిలబడింది.

"వాళ్లెందుకు సాబ్? నువ్వే తొక్కు. ఆడిది ఏసిన ముగ్గు మీద బహదూరీ చూపించినవని ఊరూరా చెప్పుకుంటరు."

వీధిలో బిందెలు ఆగిపోయాయి. జంగమ్మ తన బిందె దించి, కొంగు నడుముకు దోపి అండాలు పక్కకు వచ్చింది. "మా ఊర్ల ముగ్గు తొక్కరు సాబ్" అంది. వాకిలి మూలన బోర్లించిన చిల్లికుండ దగ్గర ఎప్పుడూ కూర్చుని ఉండే ఈదమ్మ కూడా కర్ర పట్టుకుని లేచింది.

అమీన్ వాళ్లందరినీ చూసి లాఠీ దించాడు.

"ఉండనియ్యి. రేపు గూడ గిదే ముగ్గు ఉండాలె. మార్చినవా, ఇల్లు కాలబెడ్త!"

"కాలబెట్టుకో. రేపు కొత్తదే ఉంటది!"

ఆ మొండితనంతో అమీన్‌కు అనుమానం గట్టిపడింది. ఇల్లు పోయినా సరేనంటోందంటే, ఈ ముగ్గు చదివేవాడు గుట్ట మీదే ఉన్నాడు! ఊళ్లో ఒక్క జవానును కూడా మిగల్చకుండా అందరినీ వెంటేసుకుని గుట్టకు బయల్దేరాడు.

"నీ పంతం పాడుగాను, ఇల్లు కాల్పిచ్చుకుంటవే" అని తిట్టి, జంగమ్మ బిందె ఎత్తుకుంది. వీధి ఖాళీ అయింది.

అప్పుడు అండాలు వచ్చి చిల్లికుండ పక్కన కూలబడింది.

"పోయిన్రా బిడ్డా?" అంది ఈదమ్మ.

"పోయిన్రత్తా. గుట్టెక్కుతున్నరు." అండాలు చెమట తుడుచుకుని, కుండ చిల్లి వైపు వంగింది. "రేపేం ముగ్గెయ్యాలె?"

ముగ్గు కింది పాతరలోంచి బాలయ్య నవ్వాడు.